గోడకి ఎంత దూరం

పాత ట్యాంకు అడుగున వేలితో పొడిస్తే
వేలు లోపలికి పోయింది.
పదహారేళ్ళ తుప్పు, నిప్పుల మీద కాల్చిన అప్పడం మాదిరి.
కింద ఇసుకను పిడికిట పట్టి చూస్తే
నల్లగా ముద్ద కట్టింది.
వఫ్రాలో ఇసుక ముద్ద కట్టడం
నేను అదే చూడటం.
పక్కనున్న రేగు చెట్టు ఒక వైపే ఎందుకు ఎండిందో
అప్పుడు తెలిసింది.

బాబా వచ్చి చెప్పు అంచుతో ఇసుకను గీకి చూసినాడు.
"ఖలాస్. కొత్తది పెట్టండి.
ఈ చలికి మా అమ్మ గదిలో వేడి ఆగకూడదు."

ఎడారిలో చలేందని
రాయచోటి నుంచి ఫోనులో నవ్వుతారు మావాళ్ళు.
జనవరిలో తెల్లారేలోపల లేచి
స్పానరు పట్టుకోని చూడమను.
కరుస్తాది.

షువేఖ్ నుంచి లారీలో వచ్చింది కొత్తది,
తాళ్ళేసి కట్టిన ఎనుము మాదిరి,
రెండు వేల లీటర్లు, రెండు పొరల గోడ.
యాడ పెట్టాల?
డీజిలు లారీ పైపు అందాల.
బాయిలరు కన్నా ఎత్తులో ఉండాల, నూనె తనంతట తానే దిగాల.
మంటకి, నీళ్ళ తొట్టికి, మనుషులు పండుకునే కిటికీకి
దూరంగా ఉండాల.

బాబా వేలు మా గది వైపు లేచింది.
"అక్కడ. గోడకి ఆనించి.
అటువైపు ఎవరూ ఉండరు కదా."

ఆ గోడకి అవతల నా తలగడ.
దాని పక్కన ఓబులేసు, షఫీకుల్,
రాత్రంతా దగ్గే గంగిరెడ్డి మామ,
మొన్ననే వచ్చిన ఒక పిల్లోడు.

నాకొచ్చిన నలభై మాటల అరబ్బీలో
మనిషి అనే మాట ఉంది.
దినారు అనే మాటా ఉంది.
రెండోదే బయటికి తీసినా.
"బాబా, అది పడమటి గోడ.
ఎనిమిది నెలలు ఎండ. నూనె ఆవిరైపోతాది.
నెలకి అయిదు దినార్లు గాలికి."

అయిదు అని ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలా.
అబద్ధానికి కూడా కింద ఒక దిమ్మె కావాల,
అంకె పోస్తే నిలబడతాది.
ఆయన లోపలే లెక్కేసుకున్నాడు, పెదాలు కదిలినాయి.
"సరే, ఉత్తరం వైపు."

పంపు షెడ్డు వెనక సిమెంటు పోసి
నీళ్ళ ట్యూబు పట్టి మట్టం చూసినాం.
ట్యాంకు దించినాక
ముసలామె చేతికర్ర ఊతంతో వచ్చింది.
కిటికీ తెరిస్తే ఈ పచ్చదే కనిపిస్తా ఉందని.
ట్యాంకును చూసింది. మా గదిని చూసింది.
గడప ముందర అయిదు జతల చెప్పులు.
లెక్కపెట్టిందో, మోకాళ్ళు నొచ్చి నిలబడిందో
నాకు తెలీదు.
"ఖల్లీ" అనింది కొడుకుతో. ఉండనీ.

పాతదాన్ని కోయాల.
షఫీకుల్ కటింగ్ టార్చి ఎత్తినాడు, "ఖాళీదే కదా" అంటా.
చెయ్యి పట్టి ఆపినా.
చిట్వేలి నాగన్న కూడా ఆ మాటే అని కోసినాడు.
వాళ్ళింటికి పెట్టె పోయింది, తెరవొద్దని చీటీతో.
అంచు దాకా నీళ్ళు నింపి
మూడు రోజులు అట్లే పెట్టినాం.
లోపలున్నది కంటికి కనపడదు, అంతే.

బర్నరు అంటించిన రాత్రి
పెద్దింట్లో రేడియేటర్లు టిక్కుటిక్కుమంటా వేడెక్కినాయి.
మాకు తలా రెండు దుప్పట్లు,
తలుపు సందులో గోనెపట్ట.
ఓబులేసు చీకట్లో ముక్కు ఎగబీల్చి
"ఏం వాసనా లేదు న్నా" అన్న్యాడు.
మామ దగ్గినాడు. మళ్ళీ దగ్గలా కాసేపు.

తలగడ పక్కన గోడకి చెయ్యి ఆనించినా.
చల్లగా ఉంది.
ఒట్టి గోడ.